చారానా కోడికి బారానా మసాలా
(ల్యాప్‌టాప్ రిపేరు ఖర్చులపై హాస్టల్ విద్యార్థుల మాట)



మన వసతిగృహ వార్షికోత్సవ సంచిక అనగానే మెస్ గురించి, మంచినీళ్ల గురించి, స్కాలర్‌షిప్పుల ఆలస్యం గురించి రాయడం ఆనవాయితీ. ఆ సమస్యలు తీరిపోయాయని కాదు, అవి అలాగే ఉన్నాయి. అయితే గత కొన్నేళ్లుగా మన గదుల్లోకి ఒక కొత్త ఖర్చు చప్పుడు లేకుండా వచ్చి కూర్చుంది. దాని గురించి రాసినవారు లేరు, అడిగినవారు లేరు. అదే ల్యాప్‌టాప్ రిపేరు ఖర్చు.

"హాస్టల్ పిల్లలకు ల్యాప్‌టాపులు కూడానా?" అని కొందరు పెద్దలు ముక్కున వేలేసుకోవచ్చు. వారికి ముందుగా ఒక మాట చెప్పదలచుకున్నాము. మాకు ల్యాప్‌టాప్ సోకు కాదు. డిగ్రీలో చేరాలంటే దోస్త్ ఆన్‌లైన్, స్కాలర్‌షిప్ కావాలంటే ఈ-పాస్ ఆన్‌లైన్, ప్రాజెక్టు రిపోర్టు టైపు చేసి ఇవ్వాలి, ఇంటర్న్‌షిప్ ఇంటర్వ్యూ తెర మీదే జరుగుతుంది. 2020లో కరోనా వచ్చి కాలేజీలు మూసేసినప్పుడు ఫోను కూడా లేక చదువు ఆపుకున్నవాళ్లు మన సీనియర్లలో ఉన్నారు. పలక లేని పిల్లవాడు బడిలో ఎలా ఉంటాడో, కంప్యూటర్ లేని డిగ్రీ విద్యార్థి ఇప్పుడు కాలేజీలో అలా ఉన్నాడు.

ఆ పలక మన ఇళ్లలోకి ఎలా వస్తున్నదో కూడా అందరికీ తెలిసిందే. అమ్మ పొదుపు సంఘంలో లోను తీస్తుంది. నాన్న మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుంటాడు. అన్న పెళ్లికి దాచిన చీటీ ఎత్తుతారు. అలా కూడబెట్టిన ముప్పై, నలభై వేలతో కొన్న వస్తువు ఒక్క క్షణంలో కింద పడితే, దాన్ని బాగుచేయించడానికి కొన్న ధరలో సగం దాకా అడుగుతున్నారు. చారానా కోడికి బారానా మసాలా అంటే ఇదే కదా!

లెక్క చూద్దాం

గాలి మాటలు మాట్లాడటం మాకు ఇష్టం లేదు. మా హాస్టల్లో జరిగిన రెండు సంగతులు చెబుతాము.

మొదటిది. మా మిత్రుడొకరి ల్యాప్‌టాప్ పై మంచం మీది నుంచి జారి ట్రంకుపెట్టె అంచుకు తగిలింది. తెర పగిలింది, ఒక పక్క హింజ్ విరిగింది. కొన్న ధర 38,500 రూపాయలు. వారంటీ ఇంకా నాలుగు నెలలు ఉన్నది. హనుమకొండ నుంచి హైదరాబాదుకు బస్సులో తీసుకుపోయి కంపెనీ సర్వీసు సెంటరులో చూపించారు. "ఇది భౌతిక నష్టం, వారంటీ వర్తించదు" అన్నారు. ఎస్టిమేటు ఇచ్చారు. డిస్‌ప్లేకు 8,600, హింజులతో సహా పై కవరుకు 4,100, మజూరి 1,500. మొత్తం 14,200. దాని మీద నూటికి 18 చొప్పున జీఎస్టీ 2,556. వెరసి 16,756 రూపాయలు. అంటే కొన్న ధరలో నూటికి నలభై మూడు వంతులు పైనే. "చేయించుకోము" అంటే తనిఖీ చేసినందుకు జీఎస్టీతో కలిపి 590 రూపాయలు కట్టి రావాలి.

ఈ 16,756 అంటే ఎంతో మన భాషలో చెప్పుకుందాం. 2024లో తెలంగాణ ప్రభుత్వం డైట్ చార్జీలు పెంచినప్పుడు ఇంటర్ నుంచి పీజీ వరకు విద్యార్థికి నెలకు 1,500 ఉన్నది 2,100 అయింది. ఆ పెంచిన లెక్కన చూసినా, ఒక తెర, ఒక హింజ్ ఖరీదు ఒక విద్యార్థి ఎనిమిది నెలల తిండి ఖర్చుతో సమానం. పొద్దున టిఫిను, రెండు పూటల అన్నం, గుడ్డు, అరటిపండు అన్నీ కలిపి ఎనిమిది నెలలు!

రెండవది. మరొకరి కీబోర్డు మీద సీసాలోని నీళ్లు ఒలికాయి. మిషన్ ఆన్ కాలేదు. సర్వీసు సెంటరు వారు మదర్‌బోర్డు మొత్తం మార్చాలి, 22,000 అవుతుందన్నారు. అంత పెట్టలేక మన ఊళ్లోనే చిప్ లెవెల్ పని తెలిసిన మెకానిక్ దగ్గరికి పోతే, ఆయన బోర్డు విప్పి శుభ్రం చేసి, కాలిపోయిన ఒక చిన్న ఐసీ మార్చి 2,800 తీసుకున్నాడు. ఆ మిషన్ మీదే ఈ సంచిక డీటీపీ జరిగింది.

ఒకే జబ్బుకు ఒక చోట 22,000, మరొక చోట 2,800. తేడా ఎక్కడున్నది? ఇదే ఆలోచించవలసిన విషయం.

ఇంత ఖర్చు ఎందుకవుతున్నది?

మొదటి కారణం, సర్వీసు సెంటరులో బాగుచేయడం కంటే మార్చడమే ఎక్కువ. ఫ్యాను రెగ్యులేటరు పోతే ఇంటి వైరింగు మొత్తం మార్చమంటే మనం ఒప్పుకుంటామా? ల్యాప్‌టాప్ విషయంలో మాత్రం పది రూపాయల భాగం కాలితే వేల రూపాయల బోర్డు మార్చమంటున్నారు. బోర్డు మీది ఒక్కొక్క భాగాన్ని పరీక్షించాలంటే చెయ్యి తిరిగిన పనివాడు కావాలి, సమయం కావాలి, బోర్డు సర్క్యూట్ చిత్రం కావాలి. బోర్డు మార్చడానికి స్క్రూడ్రైవరు చాలు. కంపెనీకి రెండోదే సులువు. ఆ సులువుకు ఖరీదు కట్టేది మనం.

రెండవ కారణం, మిషన్ తయారీలోనే ఉన్నది. పాత ల్యాప్‌టాపులకు కింద రెండు గొళ్లేలు జరిపితే బ్యాటరీ ఊడి వచ్చేది. ఒక స్క్రూ విప్పితే ర్యామ్ మార్చుకునేవాళ్లం. సన్నగా, తేలికగా చేయాలనే పోటీలో ఈ వెసులుబాటు పోతూ వచ్చింది. 2012లో ఆపిల్ కంపెనీ తెచ్చిన రెటీనా మ్యాక్‌బుక్ ప్రోలో ర్యామ్‌ను బోర్డుకే టంకం వేశారు, బ్యాటరీని జిగురుతో అతికించారు. తర్వాత మిగిలిన కంపెనీల సన్నపు మోడళ్లలోనూ ర్యామ్ బోర్డుకు అతుక్కుపోయింది. కొన్ని మోడళ్లలో కీబోర్డు ఒక్కటే రాదు, పై పలక మొత్తం కొనాలి. ఒక బటను ఊడితే పలకంతా మార్చుకోవాలన్న మాట.

మూడవ కారణం, విడిభాగాలు బజారులో దొరకవు. అసలైన భాగం కావాలంటే కంపెనీ సర్వీసు సెంటరుకే పోవాలి. పోటీ లేని చోట వాళ్లు చెప్పిందే ధర. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లోనో, చెన్నై రిచీ స్ట్రీట్‌లోనో, ఢిల్లీ నెహ్రూ ప్లేస్‌లోనో దొరికేవి చాలావరకు సరిపోయే రకం భాగాలు, లేదా పాత మిషన్ల నుంచి తీసినవి. అవి మంచివి కావచ్చు, కాకపోవచ్చు. అది తెలుసుకునే మార్గం మనకు లేదు.

నాలుగవ కారణం, వారంటీ కాగితం. తయారీ లోపానికి మాత్రమే వారంటీ. పడిపోయినా, తడిసినా, పిండినట్టు ఒత్తుడు పడినా అది మన ఖాతాలోకే. ప్రమాదవశాత్తు జరిగే నష్టానికి వేరే రక్షణ ప్లాన్లు ఉన్నాయి. వాటికి అదనంగా డబ్బు కట్టాలి, కొన్నప్పుడో లేక కొన్న కొద్ది రోజుల్లోనో తీసుకోవాలి. అప్పటికే అప్పు చేసి కొన్నవాడికి ఆ అదనపు రెండు, మూడు వేలు ఎక్కడివి? షాపువాళ్లు కూడా బ్యాగు, మౌసు ఉచితమని చెప్పినంత గట్టిగా ఈ సంగతి చెప్పరు. రక్షణ ఎవరికి ఎక్కువ అవసరమో వారికే అది అందకుండా పోతున్నది.

"జాగ్రత్తగా ఉంటే పోలేదా?"

ఈ ప్రశ్న తప్పకుండా వస్తుంది. జాగ్రత్త అవసరమే, కాదనడం లేదు. కాని మన గదులను ఒక్కసారి చూసి మాట్లాడాలని మనవి. ఒక్కో గదిలో ఎనిమిది మందిమి, పదిమందిమి ఉంటాము. ప్లగ్గులు రెండో, మూడో. ఎక్స్‌టెన్షన్ బాక్సు వైరు నడిచే దారిలోనే ఉంటుంది. బల్ల లేదు, కుర్చీ లేదు, ట్రంకుపెట్టే బల్ల. అన్నం ప్లేటు, నీళ్ల సీసా, రికార్డు పుస్తకం, ల్యాప్‌టాప్ అన్నీ ఆ రెండడుగుల రేకు మీదే. వానాకాలం వస్తే స్లాబు నుంచి కారే చుక్క ఎవరి పెట్టె మీద పడుతుందో ఎవరికీ తెలియదు. సొంత గది, సొంత బల్ల ఉన్నవాడికి జరగని ప్రమాదం మనకు జరుగుతున్నదంటే అది నిర్లక్ష్యం వల్ల కాదు, చోటు లేక. ఇరుకులో బతికేవాడికి ప్రమాదమూ ఎక్కువే, ప్రమాదం జరిగితే తట్టుకునే శక్తీ తక్కువే. మూలిగే నక్క మీద తాటిపండు పడినట్టు ఉన్నది మన పని.

ఇంకొక మాట కూడా వినిపిస్తుంది. "కింద పడేసింది మీరు, కంపెనీ ఎందుకు భరించాలి?" అని. నిజమే. మేము ఉచితంగా చేసి పెట్టమనడం లేదు. మా చేతిలో జరిగిన నష్టానికి మేమే కడతాము. అయితే న్యాయమైన ధర కడతాము. విడిభాగం మాకు నచ్చిన మెకానిక్‌కు అమ్మండి, ధర ముందే చెప్పండి, పాడైనంత వరకే మార్చండి అంటున్నాము. సైకిల్ పంక్చరు పడితే ట్యూబు అతికించుకునే హక్కు మనకున్నది. సైకిలు కంపెనీకే తీసుకుపోవాలని ఎవరూ అనరు. ల్యాప్‌టాప్‌కు మాత్రం ఆ న్యాయం ఎందుకు ఉండకూడదు?

బ్యాటరీల భద్రత గురించి, నాసిరకం భాగాల గురించి కంపెనీలు చెప్పే భయం పూర్తిగా అబద్ధమని కూడా మేము అనము. ఉబ్బిన బ్యాటరీ ప్రమాదమే. కాని దానికి మందు అసలైన బ్యాటరీని అందుబాటు ధరకు బజారులో పెట్టడం, మెకానిక్‌కు పని నేర్పడం. అసలైనది దొరకనీయకుండా చేసి, నాసిరకం కొన్నారని మళ్లీ మననే అనడం ఏమి న్యాయం?

మిగతా లోకం ఏం చేస్తున్నది?

ఇది సాధ్యం కాని కోరిక కాదు. ఫ్రాన్సు దేశంలో 2021 జనవరి 1 నుంచి ల్యాప్‌టాప్ మీద రిపేరు మార్కులు వేయాలనే నిబంధన ఉన్నది. పదికి ఇన్ని అని వేస్తారు. విప్పడం ఎంత సులువు, భాగాలు దొరుకుతాయా, రిపేరు పుస్తకం ఇస్తారా అనేవాటితో పాటు, మిషన్ ధరతో పోలిస్తే విడిభాగం ధర ఎంత అనే దానికి కూడా అందులో మార్కులున్నాయి. మనం షాపులో ర్యామ్ ఎంత, స్టోరేజీ ఎంత అని అడిగినట్టే అక్కడివాళ్లు రిపేరు మార్కు ఎంత అని చూసి కొనవచ్చు. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రం చేసిన చట్టం 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చింది. వంద డాలర్లు, ఆ పైన ధర గల ఎలక్ట్రానిక్ వస్తువులకు ఏడేళ్ల పాటు భాగాలు, పనిముట్లు, రిపేరు సమాచారం అందుబాటులో ఉంచాలని అది చెబుతున్నది. యూరప్ దేశాల సమాఖ్య 2023లో చేసిన బ్యాటరీల నిబంధన ప్రకారం 2027 ఫిబ్రవరి 18 నుంచి ఇటువంటి చిన్న పరికరాల బ్యాటరీని వాడేవాడే తీసి మార్చుకునే వీలుండాలి.

మన దేశంలోనూ కదలిక లేకపోలేదు. 2014లో కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా 14 కార్ల కంపెనీలకు సుమారు 2,544 కోట్ల రూపాయల జరిమానా వేసింది. కారణం ఏమంటే, విడిభాగాలను బయటి మెకానిక్‌లకు దొరకనీయకుండా చేశారని. ఆ జరిమానాలు తర్వాత అప్పీళ్లకు వెళ్లాయి. అయినా విడిభాగాలు బిగబట్టడం తప్పు అనే మాట ఆనాడే మన గడ్డ మీద పలికింది. 2022 జూలైలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 'రిపేరు హక్కు' మీద ఒక కమిటీ వేసింది. అదే ఏడాది డిసెంబరు 24న, జాతీయ వినియోగదారుల దినోత్సవం నాడు, దానికొక పోర్టల్ కూడా ప్రారంభించింది. మంచిదే. కాని అందులో చేరడం కంపెనీల ఇష్టం. 2025లో రిపేరు మార్కుల మీద మరో కమిటీ నివేదిక ఇచ్చింది. అయితే తొలి విడతలో ఫోన్లు, ట్యాబులే ఉన్నాయి. ల్యాప్‌టాప్‌ను వరుసలో వెనక నిలబెట్టారు. వరుసలో వెనక నిలబడటం మనకు అలవాటే కాని, ఈసారి అడగకుండా ఊరుకోవద్దు.

న్యాయంగా చెప్పాలంటే డెల్, హెచ్‌పీ, లెనోవో వంటి కంపెనీలు చాలా మోడళ్లకు విప్పే విధానం చూపే సర్వీసు మాన్యువళ్లను తమ వెబ్‌సైట్లలో ఎవరైనా చూసుకునేలా పెట్టాయి. మోడల్ నంబరు కొడితే దొరుకుతాయి. పుస్తకం ఇచ్చినవారు భాగం కూడా అందుబాటు ధరకు ఇస్తే సగం సమస్య తీరుతుంది.

చట్టంలో మనకున్నది ఏమిటి?

వినియోగదారుల రక్షణ చట్టం 2019 అనేది ఒకటున్నదని మనలో చాలామందికి తెలియదు. 2020 జూలై నుంచి అమలులో ఉన్నది. సేవలో లోపం జరిగితే, అంటే ఎస్టిమేటు ఒకటి చెప్పి బిల్లు ఇంకొకటి వేసినా, చెయ్యని పనికి డబ్బు తీసుకున్నా, బాగుచేయమని ఇస్తే ఇంకా పాడు చేసినా, జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు చేయవచ్చు. మనం చెల్లించిన మొత్తం 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు. వకీలును పెట్టుకోవలసిన పని లేదు. కంపెనీ ఆఫీసు ఏ ఊళ్లో ఉన్నా, మనం ఉండే జిల్లాలోనే ఫిర్యాదు వేయవచ్చు. రెండేళ్ల లోపు వేయాలి. ముందుగా 1915 నంబరుకు ఫోను చేసి చెప్పుకోవచ్చు.

అన్నిటికంటే ముఖ్యం బిల్లు. కొన్న వస్తువుకు గాని, చేసిన పనికి గాని బిల్లు ఇవ్వకపోవడం కూడా ఈ చట్టం ప్రకారం అక్రమ వ్యాపార పద్ధతే. "బిల్లు వద్దంటే జీఎస్టీ తగ్గిస్తా" అనే మాటకు ఆశపడి మన చేతిలోని ఒక్క ఆధారాన్ని మనమే వదులుకుంటున్నాము.

మా విన్నపాలు

సంక్షేమ శాఖ అధికారులకు, ప్రభుత్వానికి ఈ సంచిక ద్వారా కొన్ని విన్నపాలు చేస్తున్నాము.

1. ప్రతి కళాశాల వసతిగృహంలో ప్లగ్గులు పెంచాలి, చదువు బల్లలు ఇవ్వాలి. రిపేరు ఖర్చు తగ్గించే అన్నిటికంటే చవకైన ఉపాయం ఇదే.

2. ల్యాప్‌టాప్ రిపేరులో పడినవారి చదువు ఆగకుండా హాస్టల్లో రెండు మూడు ఉమ్మడి కంప్యూటర్లు ఉంచాలి.

3. ప్రభుత్వం విద్యార్థులకు ల్యాప్‌టాపులు గాని, ట్యాబులు గాని ఇచ్చినప్పుడు టెండరులోనే ప్రమాద నష్టపు రక్షణ, కనీసం ఐదేళ్లు విడిభాగాల సరఫరా, జిల్లా కేంద్రంలో సర్వీసు అనే షరతులు పెట్టాలి. వేల సంఖ్యలో కొనేవాడికి బేరమాడే బలం ఉంటుంది. ఒక్కటి కొనే మనకు అది లేదు.

4. మన జిల్లాలోని ఐటీఐ, పాలిటెక్నిక్ విద్యార్థులతో నెలకొకసారి హాస్టళ్లలో రిపేరు శిబిరం పెట్టించాలి. వారికి పని అబ్బుతుంది, మనకు ఖర్చు తగ్గుతుంది. చిప్ లెవెల్ పని నేర్పితే మనవాళ్లకే ఒక బతుకుదెరువు అవుతుంది.

5. ల్యాప్‌టాప్‌ను రిపేరు మార్కుల జాబితాలో చేర్చాలని, విడిభాగాల ధరలు బహిరంగంగా పెట్టాలని కేంద్రానికి రాయాలి.

మనం చేసుకోవలసినవి

ప్రభుత్వం చేసేదాకా చేతులు కట్టుకొని కూర్చోలేం కదా. కొత్త మిషన్ కొనేవారు సన్నదనం చూడకండి. ర్యామ్ విడిగా ఉన్నదా, బ్యాటరీ స్క్రూలతో ఉన్నదా, మన ఊళ్లో సర్వీసు ఉన్నదా అని అడగండి. వీలైతే ప్రమాద రక్షణ ప్లాను షరతులు చదివి, ఏడాదికి ఎన్నిసార్లు వర్తిస్తుందో చూసుకొని తీసుకోండి. నీళ్లు పడితే వెంటనే చార్జరు పీకి, పవర్ బటను నొక్కి పట్టి ఆపేయండి. ఆన్ అవుతుందేమోనని మళ్లీ మళ్లీ నొక్కవద్దు, బియ్యంలో పెట్టవద్దు, ఎండలో ఆరబెట్టవద్దు. నీళ్ల కంటే ఆ తడిలో పారే కరెంటే బోర్డును కాలుస్తుంది, ఆలస్యమైతే తుప్పు పడుతుంది. అదే రోజు మెకానిక్ దగ్గర విప్పించండి. రిపేరుకు ఇచ్చే ముందు ప్రాజెక్టు ఫైళ్లు పెన్‌డ్రైవులో దాచుకోండి. ఎస్టిమేటు కాగితం మీద రాయించుకోండి. మార్చిన పాత భాగం అడిగి తీసుకోండి.

మా హాస్టల్లో ఈ ఏడాది నుంచి నెలకు తలా 20 రూపాయలు వేసుకొని ఒక రిపేరు నిధి మొదలుపెట్టాలని నిర్ణయించాము. ఎవరి మిషన్ పాడైనా అందులోంచి వడ్డీ లేని చేబదులు ఇస్తాము. వాళ్లు స్కాలర్‌షిప్ పడినప్పుడు తిరిగి కడతారు. లెక్క పుస్తకం నోటీసు బోర్డు పక్కనే వేలాడుతుంది. మిగతా హాస్టళ్ల మిత్రులు కూడా ఆలోచించవలసిందిగా కోరుతున్నాము.

తెర పగిలితే అతికించుకోవచ్చు. అతికించుకునే స్తోమత లేక మన తోటివారు ఫైనలియర్ ప్రాజెక్టు ఆపుకొని, అడ్డా మీద కూలికి పోయే రోజు మాత్రం రాకూడదు. ఆ బాధ్యత కంపెనీలది, ప్రభుత్వానిది, కొంత మనది కూడా. మొదట బిల్లు అడగడంతో మొదలుపెడదాం.

- సంపాదకవర్గం తరఫున
డిగ్రీ ద్వితీయ, తృతీయ సంవత్సర విద్యార్థులు